పిల్లల భరణం పెరిగిందా? ఆ తేడా డబ్బు తెచ్చుకునే వరస ఇదీ

విడిపోయాక పిల్లల ఖర్చుకి నెలనెలా కట్టే భరణాన్ని పెంచుతూ కోర్టు నుంచి వచ్చిన కాగితం చూసిన రాత్రి నేను చేసిన మొదటి పని ఫోన్‌లో "సైడ్ ఇన్‌కమ్" అని వెతకడం. తెల్లారేసరికి మూడు యాప్‌లలో పేరు ఎక్కించుకుని, ఒక పర్సనల్ లోన్‌కి అప్లై చేసి, ఏదో సాధించినవాడిలా పడుకున్నా. లోన్ వచ్చింది, నాలుగు నెలలు ఊపిరాడింది, ఐదో నెలలో చూస్తే పెరిగిన భరణం అలాగే ఉంది, దాని నెత్తిన కిస్తీ ఎక్కి కూర్చుంది. ఈ రాసేదంతా ఆ తర్వాత, కింద మీద పడి కుదుర్చుకున్న వరస. పనులు మీకూ తెలిసినవే కావచ్చు, కానీ ఏది ముందు ఏది వెనక అన్నదాంట్లోనే సగం డబ్బు మిగులుతుంది లేదా పోతుంది.

భరణం ఎలా ఎగ్గొట్టాలో తెలుసుకుందామని వచ్చినవాళ్లకి ఇక్కడ ఏమీ దొరకదు. ఇవ్వాలనే ఉంది, చేతిలో ఆడట్లేదు అన్నవాళ్ల కోసమే ఇది. ఇచ్చేది తండ్రే కానక్కర్లేదు, తల్లి అయినా లెక్క ఇదే.

మొదటి అడుగు: ఆర్డర్‌ని పెన్ను పట్టుకుని చదవండి

"నెలకి ఇంత పెరిగింది" అన్న ఒక్క అంకె చూసి కాగితం మడిచేస్తాం. మడవకండి. అందులో ఇంకో మూడు సంగతులు ఉంటాయి: పెంపు ఏ తేదీ నుంచి అమల్లోకి వస్తుంది, నెలలో ఏ రోజులోపు కట్టాలి, ఎలా కట్టాలి. మొదటిదే అసలు దెబ్బ. పెంపు చాలాసార్లు ఆర్డర్ వచ్చిన రోజు నుంచి కాదు, అవతలివాళ్లు పిటిషన్ వేసిన రోజు నుంచి లెక్కకొస్తుంది. భారతదేశంలో సుప్రీంకోర్టు 2020లో రజ్నేష్ వర్సెస్ నేహా కేసులో భరణాన్ని దరఖాస్తు తేదీ నుంచే ఇవ్వాలని చెప్పింది. అంటే మీరు కోర్టు మెట్లు దిగేసరికే కొన్ని నెలల బకాయి మీ పేరు మీద పేరుకుని ఉండొచ్చు.

అందుకే ఒక కాగితం మీద రెండు అంకెలు విడివిడిగా రాసుకోండి. ఒకటి, ఇకపై ప్రతి నెలా అదనంగా కట్టాల్సిన తేడా. రెండోది, ఒక్కసారి తీర్చాల్సిన పాత బకాయి. ఈ రెండూ వేర్వేరు జబ్బులు, మందులూ వేరే. నెలనెలా వచ్చే తేడాని నెలనెలా వచ్చే డబ్బుతోనే పూడ్చాలి. బకాయిని ఒక్కసారి వచ్చే డబ్బుతో తీర్చాలి. నేను లోన్ తీసుకుని చేసిన తప్పు సరిగ్గా ఇదే, ఒక్కసారి వచ్చిన డబ్బుని నెలనెలా ఖర్చుకి పోశా.

తర్వాత మూడు నెలల బ్యాంక్ స్టేట్‌మెంట్ తీసి, తప్పని ఖర్చులన్నీ పోగా నిజంగా ఎంత మిగులుతోందో చూడండి. తేడా మూడు వేలు, మీకు మిగిలేది పన్నెండు వందలు అనుకుందాం, అప్పుడు మీరు వెతకాల్సింది పద్దెనిమిది వందలే. టెన్షన్‌లో ఉన్నప్పుడు మనం మొత్తం భరణాన్నీ కొత్తగా సంపాదించాలన్నట్టు భయపడతాం. అంకె చిన్నదయితే ఎంచుకునే పని కూడా మారుతుంది.

జీతం పడే తేదీ, భరణం కట్టాల్సిన తేదీ పక్కపక్కన రాసి చూడండి. జీతం ఒకటో తారీఖున, భరణం ఇరవై ఎనిమిదిన అయితే మధ్యలో ఆ డబ్బు కరిగిపోతుంది. అది డబ్బు లేక వచ్చిన ఇబ్బంది కాదు, తేదీలతో వచ్చింది. జీతం పడిన రోజే భరణం వెళ్లిపోయేలా ఆటోమేటిక్ ట్రాన్స్‌ఫర్ పెట్టేస్తే అక్కడికి అది తీరిపోతుంది.

రెండో అడుగు: పెంపు లెక్క సరిగ్గానే ఉందా?

దీన్ని చాలామంది దాటేస్తారు, ఎందుకంటే కోర్టు కాగితం అంటే భయం, లేదా "అడిగితే పిల్లల డబ్బుకి బేరం ఆడుతున్నాడు అనుకుంటారు" అన్న మొహమాటం. లెక్కలో తప్పు ఉంటే అడగడం బేరమాడటం కాదు. మీ ఆదాయం పాత ఏడాది అంకెతో వేశారా, అప్పుడొచ్చిన ఒక్క బోనస్‌ని ప్రతి ఏడాదీ వచ్చేదిలా లెక్కేశారా, మీమీద ఆధారపడ్డ ఇంకో బిడ్డ సంగతి చెప్పారా, పిల్లలు మీ దగ్గర ఎన్ని రాత్రులు ఉంటున్నారో రాశారా, ఇవి చూసుకోండి.

ఏ దేశంలో ఉన్నారో దాన్నిబట్టి దారి మారుతుంది. భారతదేశంలో పాత సీఆర్‌పీసీ (క్రిమినల్ ప్రొసీజర్ కోడ్)లో భరణం గురించి చెప్పే 125, 127 సెక్షన్ల స్థానంలో 2024 జూలై 1 నుంచి భారతీయ నాగరిక సురక్షా సంహితలోని 144, 146 సెక్షన్లు వచ్చాయి. పరిస్థితులు మారాయని రుజువు చేస్తే భరణాన్ని మార్చమని అడగడానికి ఈ 146వ సెక్షనే ఆధారం. రజ్నేష్ కేసు తర్వాత ఇద్దరూ ఆస్తులు, అప్పులు, ఆదాయం వివరాలతో అఫిడవిట్ (ప్రమాణం చేసి ఇచ్చే పత్రం) ఇవ్వాలి కాబట్టి నోటి మాటలు అక్కడ నడవవు. బ్రిటన్‌లో భరణం లెక్క చూసే ప్రభుత్వ విభాగం, చైల్డ్ మెయింటెనెన్స్ సర్వీస్, సాధారణంగా పన్ను శాఖ దగ్గరున్న ఆదాయపు అంకెతో లెక్క వేస్తుంది. ఇప్పటి ఆదాయం దానికంటే కనీసం 25 శాతం అటూ ఇటూ అయితేనే మధ్యలో మార్చమని అడగొచ్చు. బిడ్డ ఏడాదిలో 52 రాత్రులైనా మీ దగ్గర ఉంటే భరణం అక్కడ కొంత తగ్గుతుంది. అమెరికాలో రాష్ట్రానికో సూత్రం ఉన్నా, చైల్డ్ సపోర్ట్ ఏజెన్సీ (భరణం వ్యవహారాలు చూసే ప్రభుత్వ విభాగం) ద్వారా నడిచే కేసుల్లో మూడేళ్లకోసారి సమీక్ష అడిగే హక్కు ఉంది, పరిస్థితి బాగా మారితే అంతకుముందే అడగొచ్చు.

ఎక్కడున్నా ఒక్కటి గుర్తుపెట్టుకోండి: ఉద్యోగం పోయినా, జీతం తగ్గినా, అడగడం ఆలస్యమయ్యే కొద్దీ మీకే నష్టం. అమెరికాలో 1986లో చట్టానికి చేసిన బ్రాడ్లీ సవరణ ప్రకారం గడువు దాటిన ప్రతి కిస్తీ అప్పటికప్పుడే తీర్పుతో సమానం, తర్వాత జడ్జి జాలిపడి పాత బకాయిని తగ్గిద్దామనుకున్నా కుదరదు. మార్పు కోరుతూ పిటిషన్ వేసి, అవతలివాళ్లకి నోటీసు వెళ్లిన రోజు నుంచే ఏ తగ్గింపైనా. "ముందు పని వెతుక్కుని, కుదురుకున్నాక కోర్టుకెళ్తా" అనుకున్నవాళ్లు అక్కడే మునుగుతారు. పిటిషన్ వేశాం కదా అని కట్టడం మాత్రం ఆపకూడదు, కొత్త ఆర్డర్ వచ్చేదాకా పాతదే నడుస్తుంది.

అవతలివాళ్లు మంచివాళ్లే అయి, "పర్లేదులే, ఈ ఆరు నెలలు తక్కువే ఇవ్వు" అన్నారనుకోండి. సంతోషం. కానీ దాన్ని కాగితం మీద పెట్టి, కోర్టు లేదా ఏజెన్సీ చేత ఒప్పించుకోండి. వాట్సాప్‌లో పెట్టిన "సరే"కి మూడేళ్ల తర్వాత విలువ ఉంటుందన్న గ్యారంటీ లేదు.

మూడో అడుగు: బకాయికి ఒక్కసారి వచ్చే డబ్బు

ఇంట్లో వాడని వస్తువుల అమ్మకం, రావాల్సిన పన్ను రీఫండ్, ఆఫీసులో డబ్బుగా మార్చుకోగల సెలవులు, ఎప్పుడో స్నేహితుడికి ఇచ్చి అడగడానికి మొహమాటపడుతున్న చేబదులు, ఇవన్నీ ఈ ఖాతాలోవి. అమ్మకం గురించి కొంచెం వివరంగా చెప్తా, ఎందుకంటే దీన్ని చాలామంది హడావిడిగా చేసి సగం ధరకి వదిలేసుకుంటారు.

నేను నా పాత కెమెరా అమ్మా. మొదటిసారి రాత్రి ట్యూబ్‌లైట్ కింద, మంచం మీద పెట్టి రెండు ఫోటోలు తీసి "కెమెరా అమ్మబడును, మంచి కండిషన్" అని పెట్టా. పది రోజుల్లో వచ్చిన రెండు మెసేజ్‌లూ సగం ధర అడిగినవే. తీసేసి మళ్లీ పెట్టా. ఈసారి పొద్దున కిటికీ పక్కన తెల్ల గుడ్డ పరిచి ఎనిమిది ఫోటోలు, అందులో ఒకటి కింది అంచున ఉన్న గీతని దగ్గరగా తీసింది. మొదటి వాక్యమే "కింద ఒక గీత ఉంది, ఫోటో చూడండి, పనితీరులో ఏ తేడా లేదు". ఛార్జర్, రెండో బ్యాటరీ, సంచీ అన్నీ పక్కన పేర్చి ఒక ఫోటో. ధర మాత్రం ఇతరులు అడుగుతున్న రేటు చూసి కాదు, అలాంటివి నిజంగా ఎంతకి అమ్ముడుపోయాయో చూసి పెట్టా. మూడో రోజుకి పోయింది. లోపాన్ని ముందే చెప్పేస్తే బేరానికి వచ్చినవాడికి పట్టుకోవడానికి ఏమీ మిగలదు, ఆ కిటుకు నాకు అప్పుడే తెలిసింది.

కొనేవాళ్లని జనం తిరిగే చోటే కలవండి, డబ్బు ఖాతాలో పడ్డాకే వస్తువు ఇవ్వండి. "డబ్బు పంపిస్తున్నా, ఈ కోడ్ స్కాన్ చేసి పిన్ కొట్టండి" అన్నవాడు దొంగ. డబ్బు రావడానికి పిన్ కొట్టాల్సిన పని ఎప్పుడూ ఉండదు.

మీ సంపాదనకి ఆధారమైన వస్తువులు అమ్మొద్దు. బండి, ల్యాప్‌టాప్, పనిముట్లు అమ్మి బకాయి తీరిస్తే వచ్చే నెల తేడా ఎలా పూడుస్తారు? రిటైర్మెంట్ కోసం దాచిన డబ్బు కూడా చిట్టచివరి మాటే, ముందుగా తీస్తే పన్ను, జరిమానా పడొచ్చు, ఆ పోయిన ఏళ్ల వడ్డీ మళ్లీ రాదు. బకాయి మొత్తం ఒకేసారి కట్టలేకపోతే కిస్తీలుగా కడతానని రాతపూర్వకంగా అడగండి, చాలా చోట్ల ఒప్పుకుంటారు.

నాలుగో అడుగు: నెలనెలా కారిపోయేదాన్ని ఆపడం

ఇది అందరూ చెప్పేదే కాబట్టి సాగదీయను. చూడని సబ్‌స్క్రిప్షన్లు, వెళ్లని జిమ్, ఏటా తనంతట తానే రెన్యువల్ అయ్యే పాలసీలు తీసేయండి. వీటికంటే పెద్దవి రెండున్నాయి, ఇంటి అద్దె, లోన్ కిస్తీలు. బ్యాంకుకి వెళ్లి కిస్తీ కాలం పొడిగించమనో, వడ్డీ తగ్గించమనో అడగడానికి ఒక పూట చాలు, దాంతో తగ్గే డబ్బు కొన్నిసార్లు నెలకి నాలుగు శనివారాల పనితో సమానం. కాలం పొడిగిస్తే మొత్తం వడ్డీ పెరుగుతుంది, నిజమే, తెలిసే చేయండి. తగ్గిన ఖర్చు మీద పన్ను ఉండదు, దాన్ని ఎవరూ ఆదాయంగా లెక్కేయరు, అందుకే సంపాదన కంటే ముందు దీన్ని పెట్టా. కాకపోతే తిండి, మందులు, బిడ్డని కలవడానికి వెళ్లే ఛార్జీలు కోసుకోకండి, వాటితో మిగిలే డబ్బు ఎక్కడా నిలవదు.

ఐదో అడుగు: నెలనెలా వచ్చే డబ్బు

ముందు మీరు ఇప్పటికే చేస్తున్న ఉద్యోగం. కొత్త పని నేర్చుకోవడానికి, జనానికి మనమీద నమ్మకం కుదరడానికి నెలలు పడుతుంది, ఆఫీసులో అవి రెండూ అయిపోయాయి. ఓవర్‌టైమ్ ఉందా, రాత్రి షిఫ్ట్‌కి అలవెన్స్ ఉందా, సెలవు రోజు డ్యూటీకి ఎక్కువ ఇస్తారా, ఒక సర్టిఫికెట్ పూర్తి చేస్తే గ్రేడ్ మారుతుందా, కనుక్కోండి. జీతం పెంచమని అడిగేటప్పుడు విడాకుల సంగతి, భరణం సంగతి తీయకండి. మీ కష్టం విని పై అధికారి జాలి పడొచ్చు, జీతం మాత్రం పెంచడు. "సార్, ఆర్నెల్ల నుంచి మానేసినవాళ్ల పని కూడా నేనే చూస్తున్నా, దాన్ని నా జీతంలో చూపించమని అడుగుతున్నా" అనడం వేరు.

తర్వాత, మీకు వచ్చిన పనే బయట. లెక్కలు తెలిస్తే చిన్న వ్యాపారులకి లెక్కలు రాయడం, పాఠం చెప్పగలిగితే ట్యూషన్, భాష వస్తే అనువాదం, చేతిపని వస్తే రిపేర్లు. దీనికి మొదటి గిరాకీ ఆన్‌లైన్‌లో కాదు, మిమ్మల్ని ఎరిగినవాళ్ల దగ్గరే దొరుకుతుంది. ఇరవై మందికి విడివిడిగా, పేరు పెట్టి, రెండు లైన్ల మెసేజ్ పంపండి: ఏం చేస్తారు, ఏ రోజుల్లో చేస్తారు. గ్రూపులో పడేస్తే ఎవరూ పట్టించుకోరు. ఒప్పుకునే ముందు ఉద్యోగ ఒప్పందంలో బయట పని చేయొద్దన్న షరతు ఉందేమో చూసుకోండి, అసలు ఉద్యోగానికే ఎసరొస్తే మొదటికే మోసం.

ఖాళీగా ఉన్న గది, పార్కింగ్ చోటు, ఎప్పుడో వాడే డ్రిల్ మిషన్ లాంటివి అద్దెకిస్తే ఒంటి కష్టం తక్కువ. అద్దెకుంటున్నవాళ్లు ఇంటి ఓనర్‌ని అడగాలి. బిడ్డ వచ్చినప్పుడు పడుకునే గదిని మాత్రం అద్దెకివ్వకండి.

చివరిదే డెలివరీ, క్యాబ్ లాంటి గంటల పని. నేను మొదలుపెట్టింది దీంతోనే. తప్పని కాదు, రేపే డబ్బు కావాలంటే ఇదే దారి. కానీ లెక్క చూడండి, అంకెలు మీ కరెన్సీలో వేసుకోండి.

ఒక శనివారం యాప్ నాకు చూపించింది: 5 గంటలు, 600. అంటే గంటకి 120, బాగుందనిపించింది. ఆ వారం ఎందుకో నోట్‌బుక్‌లో అన్నీ రాశా. ఇంట్లో బయల్దేరి మళ్లీ తలుపు తీసేసరికి ఆరున్నర గంటలు, ఎందుకంటే మొదటి ఆర్డర్ కోసం చెట్టు కింద నిలబడ్డ సమయాన్నీ, చివరి ఆర్డర్ ఇచ్చేసి ఖాళీగా తిరిగొచ్చిన దూరాన్నీ యాప్ లెక్కపెట్టదు. పెట్రోల్ 130. టైర్లు, ఇంజన్ ఆయిల్, చైన్ అరుగుదలకి తక్కువలో తక్కువ 40. మిగిలింది 430, దాంట్లో పన్నుకని పదో వంతు పక్కన పెడితే 387. ఆరున్నర గంటలకి భాగిస్తే గంటకి 60 కూడా కాదు. యాప్ చెప్పినదాంట్లో సగం.

అదే వారం ఒక షాపు ఆయనకి ఇంట్లో కూర్చుని రెండు గంటలు లెక్కలు రాసిస్తే 200 ఇచ్చాడు. ఖర్చేమీ లేదు, పన్ను తీస్తే గంటకి 90. నెలకి 3,000 తేడా పూడ్చాలంటే డెలివరీతో 50 గంటలు, లెక్కలతో 33 గంటలు చేయాలి. పదిహేడు గంటల తేడా అంటే నాలుగు వారాంతాల్లో దాదాపు రెండున్నర డెలివరీ డ్యూటీలు. ఆ నోట్‌బుక్ పేజీ చూశాకే డెలివరీ మానేశా, నిజానికి ఒంట్లో ఓపిక కూడా అప్పటికే అయిపోయింది.

మీరూ రెండు వారాలు ఇలా రాసుకోండి. తలుపు నుంచి తలుపుకి ఎన్ని గంటలు, చేతికి ఎంత, ఖర్చు ఎంత. రెండు వారాలు చాలు.

ఆరో అడుగు: ఈ సంపాదనతో భరణం మళ్లీ పెరుగుతుందా?

పెరగొచ్చు. అందుకే ముందే తెలుసుకుని మొదలుపెట్టాలి. భరణం ఆదాయం మీద వేసేదే కాబట్టి రెండో ఉద్యోగం ఆదాయాన్ని కూడా తర్వాతి సమీక్షలో లెక్కలోకి తీసుకోవచ్చు. బ్రిటన్‌లో మామూలు రేటు కింద స్థూల ఆదాయంలో (పన్ను తీయకముందు వచ్చేదాంట్లో) ఒక బిడ్డకి 12 శాతం, ఇద్దరికి 16, ముగ్గురు లేదా అంతకు మించితే 19 శాతం, కాబట్టి అదనంగా వచ్చే ప్రతి వందలో 12 నుంచి 19 దాకా ఏదో ఒకనాటికి అటు వెళ్తుందనుకుని లెక్క వేసుకోవచ్చు. ఆస్ట్రేలియాలో ఒక మంచి వెసులుబాటు ఉంది: విడిపోయాక కొత్తగా మొదలుపెట్టిన ఓవర్‌టైమ్, రెండో ఉద్యోగం లాంటి ఆదాయాన్ని, విడిపోయిన మొదటి మూడేళ్లలో, ఒక పరిమితి మేరకు లెక్కలోంచి తీసేయమని అడగొచ్చు. అడిగితేనే ఇస్తారు. అమెరికాలో ఓవర్‌టైమ్‌ని, రెండో ఉద్యోగాన్ని చూసే తీరు రాష్ట్రానికో రకం, మీ రాష్ట్రం సంగతి లాయర్‌ని అడగాల్సిన మొదటి ప్రశ్న అదే.

అలాగని నగదు తీసుకుని దాచడం గురించి ఆలోచించకండి. బ్యాంక్ స్టేట్‌మెంట్, యాప్ రికార్డు, చివరికి మీరు పెట్టుకున్న ఫోటోలు కూడా కోర్టు దాకా వెళ్తాయి. అఫిడవిట్‌లో అబద్ధం దొరికితే మీరు చెప్పిన నిజమైన కష్టాన్ని కూడా ఆ రోజు నుంచి ఎవరూ నమ్మరు. అదనపు పని తాత్కాలికమని చూపించుకోవడానికి దారి నిజాయితీగానే ఉంది: దాని కోసం వేరే ఖాతా, మొదలైన తేదీ, గంటల పుస్తకం, ఖర్చుల రసీదులు. ఆ పని మానేసిన రోజున, అది ఎప్పుడూ వచ్చే ఆదాయం కాదని చెప్పడానికి ఇవే మీ సాక్ష్యం.

ఏడో అడుగు: బిడ్డతో ఉండే గంటలు అమ్ముకోకండి

అదనపు పనికి డిమాండ్ ఎప్పుడుంటుంది? శనివారం, ఆదివారం, సెలవుల్లో. బిడ్డ మీ దగ్గరికి వచ్చేది ఎప్పుడు? అప్పుడే. నేను రెండు నెలల్లో మూడు ఆదివారాలు "ఈ వారం కుదరదు నాన్నా, పని ఉంది" అన్నా. మూడోసారి వాడు "సరే" అని ఊరుకున్నాడు, ఎందుకని కూడా అడగలేదు. అదొక్కటి చాలు నాకు.

క్యాలెండర్‌లో బిడ్డ రోజులు ముందు నింపి, మిగిలిన ఖాళీల్లోనే పని పెట్టుకోండి. మనసు సంగతి పక్కన పెట్టినా లెక్క కూడా ఇదే చెప్తుంది, పిల్లలు మీ దగ్గర గడిపే రాత్రులని బట్టి భరణం తేలే చోట్ల ఆ రాత్రులు తగ్గితే కట్టాల్సింది పెరుగుతుంది. డబ్బు కోసం బిడ్డని వదిలి, అందువల్లే ఎక్కువ డబ్బు కట్టాల్సిన పరిస్థితి తెచ్చుకున్నట్టు.

ఎనిమిదో అడుగు: కట్టింది కట్టినట్టు కనపడాలి

భరణానికి వేరే ఖాతా తెరవండి. అదనపు సంపాదన నేరుగా దాంట్లో పడాలి, పన్ను వాటా కూడా వేరుగా అక్కడే ఉండాలి, భరణం దాంట్లోంచే వెళ్లాలి. చేతికి నగదు ఇవ్వకండి, ఇవ్వక తప్పకపోతే సంతకం తీసుకోండి. పిల్లాడికి బూట్లు కొన్నా, ఫీజు కట్టా కాబట్టి భరణంలో అంత తగ్గిస్తా అంటే చాలా చోట్ల ఒప్పుకోరు, ఆర్డర్‌లో రాసి ఉంటే తప్ప దాన్ని మీరు ఇష్టంతో ఇచ్చినదిగానే చూస్తారు. ట్రాన్స్‌ఫర్ చేసేటప్పుడు వివరాల్లో నెల, ఏడాది రాయండి.

కట్టకపోతే ఏమవుతుందో కూడా తెలిసి ఉండాలి. భారతదేశంలో బకాయి పెట్టినవాళ్లని జైలుకి పంపే అధికారం మెజిస్ట్రేట్‌కి ఉంది. అమెరికాలో జీతంలోంచే కోసేస్తారు, చేతికి రావాల్సినదాంట్లో 50 నుంచి 65 శాతం దాకా కోయడానికి ఫెడరల్ (కేంద్ర) చట్టం ఒప్పుకుంటుంది, బకాయి 2,500 డాలర్లు దాటితే పాస్‌పోర్ట్ కూడా ఆపేస్తారు. జైలుకెళ్లో, పాస్‌పోర్ట్ ఆగో ఉద్యోగం పోయాక ఇక భరణం దేంతో కడతారు? అందుకే మొత్తం లేకపోయినా, ఉన్నంత, గడువులోపే పంపండి.

దగ్గరికి రానివ్వకూడనివి

నిమిషాల్లో అప్పిచ్చే లోన్ యాప్‌లు, ముఖ్యంగా ఫోన్‌లోని కాంటాక్ట్‌లు, ఫోటోలు అడిగేవి. క్రెడిట్ కార్డు మీద నగదు, దానికి వడ్డీ తీసిన రోజు నుంచే మొదలవుతుంది. పని ఇస్తాం ముందు రిజిస్ట్రేషన్ ఫీజు కట్టండి అనేవాళ్లు, వీడియోలకి లైక్ కొడితే డబ్బు అనేవాళ్లు. ఇంకొకటి షేర్లలో రోజువారీ ట్రేడింగ్, ఆప్షన్లు. భారతదేశంలో మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ 2024లో ఇచ్చిన అధ్యయనం ప్రకారం ఫ్యూచర్స్, ఆప్షన్స్‌లో (షేర్ల ధర ముందుముందు ఎటు పోతుందన్న అంచనా మీద చేసే ట్రేడింగ్‌లో) దిగిన మామూలు జనంలో ప్రతి పదిమందిలో తొమ్మిదిమందికి పైగా నష్టపోయారు. భరణం డబ్బుతో ఆ పదో మనిషి కావాలని చూడకండి.

అంతా చేసినా ఒక నెల తక్కువ పడితే

పడుతుంది. ఒంట్లో బాగోకపోవచ్చు, గిరాకీ డబ్బు ఆపేయొచ్చు. గడువు దాటాక కాదు, తక్కువ పడుతుందని తెలిసిన రోజే చెప్పండి. ఏజెన్సీ ద్వారా కడుతుంటే వాళ్లకి, లేదంటే అవతలి తల్లికో తండ్రికో, రాతలో. పాత గొడవలు, కారణాల చిట్టా వద్దు. నేను పంపినది దాదాపు ఇలా ఉంటుంది:

"ఈ నెల మొత్తంలో మూడొంతులు ఈరోజే పంపాను. మిగిలిన వంతు 14వ తేదీలోపు పంపుతాను. జ్వరంతో రెండు వారాలు బయటి పని చేయలేదు, డాక్టర్ చీటీ జత చేస్తున్నా. ఆదివారం బాబుని ఎప్పటిలాగే తీసుకెళ్తా."

ఆ 14వ తేదీ దాటకూడదు. దాటేలా ఉంటే అది ఒక నెల ఇబ్బంది కాదు, ఆదాయమే మారిందని అర్థం, వెంటనే రెండో అడుగుకి వెళ్లి మార్పు కోరుతూ దరఖాస్తు వేయండి. లాయర్ ఫీజు కట్టలేకపోతే ఉచిత న్యాయ సహాయం మీకు వర్తిస్తుందేమో అడగండి. వెళ్లేటప్పుడు గంటల పుస్తకం, భరణం ఖాతా స్టేట్‌మెంట్, డాక్టర్ చీటీ, ఇలాంటి మెసేజ్‌ల ప్రింట్లు ఒకే ఫైల్లో పెట్టుకుని వెళ్లండి.